బేస్‌మెంట్‌లో వెనక షాక్స్ మార్చుకోవడం: నట్లకు గంట, సాగ్‌కు పూట

అడిగింది ఇదీ: 2016 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి. రోజూ బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి, నెలకోసారి ఇద్దరూ కలిసి హిందూపురానికి. మీ బరువు 78 కిలోలు, మీ ఆవిడది 58. కుడి షాక్ నుంచి నూనె కారుతోంది. పక్కన డబ్బా ఉన్న గ్యాస్ షాక్స్ తెప్పించారు, పాతవాటికన్నా 5 మి.మీ. పొడవు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో మీరే బిగించుకోవచ్చా, స్ప్రింగ్ కంప్రెసర్ కావాలా, మెకానిక్ చెప్పినట్టు ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) చివరిదాకా బిగించాలా?

బిగించుకోవచ్చు. కంప్రెసర్ అక్కర్లేదు, ఎందుకంటే షాక్‌ని మొత్తంగా తీసి మొత్తంగా పెడతాం, స్ప్రింగ్‌ని ముట్టుకోం. ప్రీలోడ్ చివరిదాకా మాత్రం బిగించకండి. నట్లు విప్పి బిగించడం గంట పని. వేల రూపాయలు పోసి కొన్న షాక్స్ పాతవాటికన్నా అధ్వాన్నంగా కొట్టేది నట్ల వల్ల కాదు, బుష్‌లూ (షాక్ చివర్ల రబ్బర్లు), సాగూ (బరువుకి బండి వెనక ఎంత దిగుతుందన్న కొలత) సరిచూసుకోకపోవడం వల్ల.

ముందు టేపు తీయండి. షాక్ పొడవంటే పై కన్ను (బిగించే రంధ్రం) మధ్య నుంచి కింది కన్ను మధ్యకి. రంధ్రం నడిమధ్య కంటికి దొరకదు కాబట్టి, పై రంధ్రం పై అంచు నుంచి కింది రంధ్రం పై అంచుకి కొలవండి. రెండు రంధ్రాలూ ఒకే సైజైతే అదే అసలు కొలత. 5 మి.మీ. తేడాతో పరవాలేదు. వెనక్కి 10 మి.మీ. లేస్తే, దాదాపు 1.4 మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండిలో ముందు ఫోర్క్ కోణం 0.4 డిగ్రీలు నిక్కుతుంది. తిప్పడం కొంచెం చురుగ్గా అనిపిస్తుంది, అంతే. 20 మి.మీ. దాటితే వేరే సంగతి: సైడ్ స్టాండ్ మీద బండి మరీ ఒరుగుతుంది, సెంటర్ స్టాండ్ వేసినా వెనక చక్రం నేలకి తగులుతుంది, చైన్ స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే, పైకీ కిందికీ ఆడే చట్రం) మీద రాసుకోవడం మొదలవుతుంది. ఇంకోటి, షాక్ పొడవు పెరిగిందంటే ప్రయాణం (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) పెరిగిందని కాదు. కొత్త షాక్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు పాతదానికన్నా పొట్టిగా అవుతుందంటే టైరు మడ్‌గార్డ్‌కి తగులుతుంది. పొడవులోంచి స్ట్రోక్ (షాక్ నొక్కుకునే దూరం) తీసేస్తే ఆ కొలత వస్తుంది. పెట్టె మీద స్ట్రోక్ రాసి లేకపోతే అమ్మినవాణ్ణి అడగండి.

ఇప్పుడు బుష్‌లు. ఇంట్లో బిగించిన షాక్స్ కటకటలాడితే నూటికి తొంభై పాళ్ళు కారణం ఇక్కడే. కన్నులో రబ్బరు, రబ్బరు మధ్యలో లోహపు గొట్టం. ఆ గొట్టం స్టడ్ (షాక్‌ని తగిలించడానికి బండికున్న మరల కడ్డీ) మీద వేలితో తోస్తే జారాలి, పక్కకి ఆడకూడదు. స్టడ్ 10 మి.మీ. ఉండి గొట్టం 12 ఉంటే ప్రతి గుంతకీ ‘టక్’ మంటుంది. ఇన్సులేషన్ టేపు చుట్టి సర్దేవాళ్ళున్నారు, అది వారంలో నలిగి పోతుంది. లేత్ షాపులో సరైన స్లీవ్ తీయించండి, కలాసిపాళ్యం చుట్టుపక్కల అరగంట పని.

గొట్టం వెడల్పు కూడా కొలవండి. నట్ బిగిస్తే రెండు వాషర్ల మధ్య నలగాల్సింది గొట్టం, రబ్బరు కాదు. గొట్టం పాతదానికన్నా 2 మి.మీ. పొట్టిదైతే టోపీ నట్ స్టడ్ మరల (థ్రెడ్) చివర తగిలి ఆగిపోతుంది. మీ చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, షాక్ మాత్రం స్టడ్ మీద వదులుగా ఊగుతుంటుంది. పొడవైతే నట్‌కి మరలు చాలవు. 10 మి.మీ. స్టడ్ మీద నట్ కనీసం 10 మి.మీ. లోతు ఎక్కాలి. మన బళ్ళకి ఇంకో చిక్కుంది, ఎడమవైపు శారీ గార్డ్. దాని పట్టీ సాధారణంగా షాక్ స్టడ్ మీదే కూర్చుంటుంది, ఆ మందం కూడా లెక్కలోకి వస్తుంది. పట్టీని మళ్ళీ పెట్టాలా, వాషర్‌తో భర్తీ చేయాలా అన్నది పొడి బిగింపులోనే (చివరిగా బిగించే ముందు ఊరికే పెట్టి చూసుకునేటప్పుడే) తేల్చుకోండి. గార్డ్ వదిలేసి దాని చోట ఏమీ పెట్టకపోతే ఎడమ షాక్ కుడిదానికన్నా లోపలికో బయటికో కూర్చుంటుంది.

ఆ పక్క డబ్బా సంగతి. అసలైన డబ్బాలో నూనెనీ నైట్రోజన్‌నీ విడదీసే పిస్టన్ గానీ రబ్బరు సంచీ గానీ ఉంటుంది. దీంతో వరస గుంతల్లో నూనె నురగ కట్టదు. మార్కెట్లో చవకగా దొరికే చాలా వాటిలో ఆ డబ్బా ఉత్తి అలంకారం, షాక్‌తో దానికి సంబంధమే ఉండదు. అసలుదైతే చివర వాల్వ్ ఉంటుంది. టైరు వాల్వ్ లాగే కనబడుతుంది కదా అని గేజ్ పెట్టి చూడకండి. లోపలి గ్యాస్ చాలా కొద్ది, గేజ్ పెట్టి తీసేలోపే ఒత్తిడి పడిపోతుంది. పెట్రోల్ బంకు గాలితో దాన్ని భర్తీ చేయలేరు. ఇక షాక్‌ని విప్పి లోపల ఏముందో చూద్దామన్న ఆలోచన అస్సలు వద్దు. అందులో ఒత్తిడి టైరులో ఉండేదానికి ఎన్నో రెట్లు.

షాక్‌ని తలకిందులుగా పెట్టొచ్చా అని కూడా అడుగుతుంటారు. డబ్బాలో పిస్టన్‌తో గ్యాస్ విడిగా ఉన్నవాటిని ఎటు పెట్టినా పనిచేస్తాయి. డబ్బా లేని ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం) రకం మాత్రం తయారీదారు చెప్పిన వైపే ఉండాలి. తిప్పితే వాల్వ్‌లోకి నూనె బదులు గ్యాస్ వచ్చి, షాక్ ఉత్త స్ప్రింగ్‌లా ఎగురుతుంది. ఇలాంటివి పార్సిల్‌లో అడ్డంగా పడుండి వస్తాయి, పెట్టే ముందు రాత్రంతా నిలబెట్టి ఉంచండి.

సామాను పెద్దగా లేదు. 10 మి.మీ. స్టడ్ నట్‌కి బండిని బట్టి 14 లేదా 17 సాకెట్, రాట్చెట్, ఒక రింగ్ స్పానర్, టార్క్ రెంచ్, రబ్బరు సుత్తి, తుప్పు నూనె, గ్రీజు, రెండు మూడు ప్లైవుడ్ ముక్కలు, పాత వార్తాపత్రికలు. ప్రీలోడ్ తిప్పడానికి హుక్ స్పానర్ షాక్స్‌తోనే వస్తుంది. ఓపెన్ స్పానర్‌తో టోపీ నట్ జోలికి పోకండి, అంచులు గుండ్రమవుతాయి. తుప్పు నూనె ముందు రాత్రే కొట్టి వదిలేయండి. ఆరేడు వర్షాకాలాలు చూసిన బండి కింది స్టడ్ పది నిమిషాల్లో లొంగదు.

బేస్‌మెంట్ నేల సమంగా ఉంటుందని అనుకోకండి, నీళ్ళు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. మీ పార్కింగ్ గడిలోనే సమంగా ఉన్న మూల చూసుకుని సెంటర్ స్టాండ్ వేయండి. మొదటి గేరులో పెట్టి, ముందు బ్రేక్ లీవర్‌ని రబ్బరు పట్టీతో హ్యాండిల్‌కి కట్టేయండి. సైలెన్సర్ పూర్తిగా చల్లారాలి, కుడివైపు మోచెయ్యి తగిలేది దానికే.

ఇప్పుడు వెనక చక్రం కింద ప్లైవుడ్ పేర్చి, పైన పేపర్లు ఒక్కొక్కటే దోపుతూ చక్రం బరువు మోసీ మోయనట్టు తేవాలి. ఈ పనిలో ఇదే సున్నితమైన ఘట్టం. స్ప్రింగ్ చక్రాన్ని కిందికి తోస్తుంటే నట్ వచ్చినా కన్ను స్టడ్ మీంచి జారదు. మరీ ఎత్తేస్తే షాక్ నొక్కుకుని అటువైపు బిగుస్తుంది. నట్ తీశాక కన్నుని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపితే మెత్తగా కదలాలి. కదలకపోతే ఒక పేపరు తీసి చూడండి, లేదా ఇంకోటి పెట్టి చూడండి. సుత్తి పట్టుకోవాల్సి వచ్చిందంటే ఎత్తు కుదరలేదన్నమాట.

రెండు షాక్స్ ఒకేసారి తీయకండి. రెండోది చక్రాన్ని పట్టి ఉంచుతుంది. రెండూ తీస్తే స్వింగార్మ్ దబ్బున కిందికి పడి చైన్‌ని లాగుతుంది. వెనక డిస్క్, ఏబీఎస్ ఉన్న కొత్త బళ్ళలో బ్రేక్ పైపునీ సెన్సర్ తీగనీ కూడా లాగుతుంది. మొదట కుడిది. కింది నట్‌కి సైలెన్సర్ అడ్డొస్తే దాని వెనక బోల్టు ఒకటి వదులు చేసి కొంచెం కిందికి దించుకోండి. పై నట్, కింది నట్ తీసి, షాక్‌ని పక్కకి జార్చండి. వచ్చిన వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోటో తీసుకోండి. లోపలి వాషర్, బయటి వాషర్ ఒకలా కనిపించినా ఒకటి కాకపోవచ్చు.

స్టడ్‌ని తుడవండి, తుప్పు ఉంటే 400 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దండి. గొట్టం కూర్చునే నున్నటి భాగం మీద పలుచగా గ్రీజు. మరల మీద వద్దు. మరలకి నూనె తగిలితే అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది. కొత్త షాక్ పెట్టి నట్లు చేత్తో తిప్పండి. కొత్తది 5 మి.మీ. పొడవు కాబట్టి పై కన్ను ఎక్కాక కింది కన్ను స్టడ్‌ని దాటి కిందికి వస్తుంది. రెండో షాక్ ఇంకా పాతదే, స్వింగార్మ్‌ని అది కిందికి దిగనివ్వదు. ఇక్కడే చాలామంది సుత్తి అందుకుంటారు. దానికి బదులు ఎడమ షాక్ కింది నట్ కూడా తీసి, కన్ను స్టడ్ మీంచి జార్చి, చక్రం కింద పేపర్లు తగ్గిస్తూ దించండి. బరువంతా ప్లైవుడ్ మీదే ఉంటుంది, ఏమీ పడిపోదు. పొడవు సమానంగా ఉన్నవాళ్ళకి ఈ బాధే లేదు.

ఎడమవైపు చైన్ ఉంది. కొత్త స్ప్రింగ్ లావు పాతదానికన్నా ఎక్కువైతే చైన్ గార్డ్‌కి రాసుకుంటుంది. డబ్బాని వెనక్కి తిప్పాలా ముందుకా అన్నది మీ బండిలో ఏది అడ్డొస్తుందో దాన్ని బట్టే. క్యారియర్ ఉంటే ముందుకి, లేకపోతే వెనక్కి. ఎటు తిప్పినా రెండువైపులా అద్దంలో బొమ్మలా ఉండాలి. బరువుతో కుదుటపడ్డాక కూడా చుట్టూ కనీసం 5 మి.మీ. ఖాళీ మిగలాలి. దీన్ని చూడ్డానికి లారీల మీద సరుకు కట్టే రాట్చెట్ బెల్టు ఒకటి చాలు. బండి చక్రాల మీద ఉండగా బెల్టుని వెనక ఫ్రేమ్‌కీ స్వింగార్మ్‌కీ చుట్టి, క్లిక్ క్లిక్‌గా బిగిస్తూ పోతే వెనక నెమ్మదిగా దిగుతుంది. అలా దిగుతుంటే ఏది దేనికి దగ్గరవుతోందో టార్చ్ వేసి చూడొచ్చు.

నట్లని చివరి బిగింపు బిగించేది సెంటర్ స్టాండ్ మీద కాదు. బండిని దించి, చక్రాల మీద నిలబెట్టి, సీటు మీద రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి, అప్పుడు టార్క్ రెంచ్. బుష్ రబ్బరు గొట్టానికీ కన్నుకీ అతుక్కుని ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి, రోజంతా ఆ మెలికలోనే ఉండి త్వరగా చిరుగుతుంది. ఎంత టార్క్ అన్నది మీ బండి సర్వీస్ మాన్యువల్ చెప్పాలి. మామూలు 8.8 గ్రేడు 10 మి.మీ. బోల్టుకి 45 న్యూటన్ మీటర్లు దాదాపు పైహద్దు, దాని మీదికి పోతే మరలు పోతాయి. నైలాన్ రింగు ఉన్న నట్లయితే కొత్తవే వాడండి, పది ఇరవై రూపాయల దగ్గర పీనాసితనం వద్దు. చివరగా నట్ మీంచి స్టడ్ మీదికి సిల్వర్ మార్కర్‌తో ఒక గీత గీయండి. నట్ కదిలితే దూరం నుంచే తెలుస్తుంది.

సాగ్ దగ్గరికి వద్దాం. మీ బండి వెనక చక్రం ప్రయాణం 80 మి.మీ. అందులో మీరు కూర్చున్నాక 24 నుంచి 27 దిగాలి, అంటే దాదాపు మూడో వంతు. మనిషి లేకుండా బండి తన బరువుకే 5 నుంచి 10 దిగాలి. ఎందుకు దిగాలంటారా? చక్రం గుంతలోకి దిగాలంటే కిందికి చోటుండాలి. మెకానిక్ చెప్పినట్టు ప్రీలోడ్ చివరిదాకా బిగిస్తే ఆ చోటు పోతుంది. గుంత వచ్చినప్పుడు చక్రం నేలని వదిలేసి, అవతలి అంచుని కొడుతుంది. దాన్నే మనం ‘షాక్స్ గట్టిగా ఉన్నాయి’ అంటాం. నిజానికి ప్రీలోడ్‌తో స్ప్రింగ్ గట్టిపడదు, బండి పైకి లేస్తుంది, అంతే.

కొలవడానికి ఇద్దరుంటే మేలు. వెనక యాక్సిల్ మధ్య నుంచి నిటారుగా పైకి, సీటు కింద ఒక చోట టేపు ముక్క అతికించండి. సెంటర్ స్టాండ్ మీద చక్రం గాల్లో ఉండగా కొలత 540 వచ్చిందనుకోండి. బండి దించి, నొక్కి వదిలితే 529, ఎత్తి వదిలితే 535. ఈ రెండూ వేరుగా రావడానికి కారణం షాక్‌లోని రాపిడి, అందుకే సగటు తీసుకోవాలి. 532. అంటే బండి 8 దిగింది. మీరు హెల్మెట్, బ్యాగుతో సహా కూర్చోండి, ఒకరు ముందు బండి పట్టుకోవాలి. 511, 517, సగటు 514. దిగింది 26. ఇది కుదిరినట్టే.

మీరు కూర్చుంటే 26 వచ్చినా, బండి ఒక్కటే ఉన్నప్పుడు అసలు దిగకపోతే స్ప్రింగ్ మీకు మెత్తన, ప్రీలోడ్‌తో నెట్టుకొస్తున్నారు. అదే 26 వచ్చి, బండి ఒక్కటే 15 దిగుతుంటే స్ప్రింగ్ మీకు గట్టిది. ఈ రెండు సందర్భాల్లోనూ నట్ ఎంత తిప్పినా లాభం లేదు, స్ప్రింగే మార్చాలి. కొనే ముందు షాక్ ఏ బరువుకి చేసిందో అడగమనేది ఇందుకే. విదేశీ కంపెనీల షాక్స్ ఒక్కోసారి వాళ్ళ దేశపు బరువుల లెక్కతో వస్తాయి.

మరల ప్రీలోడ్ అయితే ఒక చుట్టుకి ఎంత దిగుతుందో మీ షాక్ మీదే కొలవండి, 1.5 మి.మీ. తరచుగా కనిపించేది. చక్రం దగ్గర అది కొద్దిగా ఎక్కువవుతుంది. రెండువైపులా స్ప్రింగ్ పొడవు కొలిచి సమానం చేయండి, చుట్టులు లెక్కపెట్టి కాదు. మొదటి చుట్టు ఎక్కడ మొదలైందో రెండిటిలో ఒకలా ఉండదు. తిప్పే ముందు మరలని బ్రష్‌తో కడగండి. ఇసుక పడ్డ అల్యూమినియం మర ఒకసారి పట్టేసిందంటే హుక్ స్పానర్ పళ్ళు విరుగుతాయి గానీ అది కదలదు.

మీ ఆవిడ వెనక కూర్చున్నప్పటి సంగతి. పై లెక్కలోనే చూడండి: మీరు ఎక్కితే 18 మి.మీ. అదనంగా దిగింది. మీ బరువులో వెనక చక్రం మీద పడేది 60 శాతం అనుకుంటే 47 కిలోలు. వెనక కూర్చున్న మనిషి బరువు దాదాపు అంతా వెనక చక్రమే మోస్తుంది, 58లో 50 దాకా. అంటే ఇంకో 19, 20 మి.మీ. మొత్తం 46, మిగిలింది 34. దాన్ని సరిచేయాలంటే ప్రీలోడ్ దాదాపు పన్నెండు చుట్లు, రెండువైపులా. శనివారం పొద్దున్నే హిందూపురం బయల్దేరేముందు ఎవరు చేస్తారు? అందుకే ఒక్కరూ ఇద్దరూ మారుతూ తిరిగేవాళ్ళకి మెట్ల ప్రీలోడ్ ఉన్న షాక్సే నయం, హుక్ స్పానర్‌తో అర నిమిషంలో మెట్టు మారుతుంది. మీరు మర రకం కొనేశారు కాబట్టి ఒక్కరున్నప్పటి సాగ్‌ని 20, 21 దగ్గర ఉంచి, ప్రయాణానికి మూడు చుట్లు కలుపుకోండి. ఇది సర్దుబాటే, మంచి సర్దుబాటు.

రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి లేచే వేగం) సర్దే తిరుగుడు ఉంటే ముందు కుడివైపుకి మెత్తగా ఆగేదాకా తిప్పండి, బలవంతం వద్దు. అక్కణ్ణుంచి వెనక్కి ఎన్ని క్లిక్కులున్నాయో లెక్కించి సగంలో పెట్టండి. సీటు నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలబడాలి. లేచి, మళ్ళీ దిగి, మళ్ళీ లేస్తే రెండు క్లిక్కులు బిగించండి. ఎక్కువ బిగిస్తే వచ్చే తెగులు మాత్రం అంత తేలిగ్గా దొరకదు. ఔటర్ రింగ్ రోడ్ మీద వరసగా వేసే తెల్ల చారల మీద వెళ్ళి చూడండి. మొదటి రెండు చారలు మెత్తగా, ఐదోది ఎముకకి తగిలేలా ఉంటే, షాక్ ఒక చారకీ ఇంకో చారకీ మధ్య తిరిగి లేవడానికి టైము చాలక కిందికి కూరుకుపోతోందన్నమాట. అలాంటప్పుడు రెండు క్లిక్కులు వదలండి. గట్టిగా ఉంది కదా అని ప్రీలోడ్ తగ్గిస్తే ఇంకా పాడవుతుంది. దీనికి ముందు టైరు గాలి చూడండి, ఎందుకంటే పంక్చర్ షాపుల్లో అడక్కుండానే 40 కొట్టి పంపుతారు. 40 ఉన్న టైరుతో షాక్స్ గురించి ఏ తీర్మానానికీ రావద్దు.

టైరు మడ్‌గార్డ్‌కి తగులుతోందేమోనన్న అనుమానం తీరాలంటే, చపాతీ పిండి ముద్ద బొటనవేలంత తీసుకుని మడ్‌గార్డ్ లోపల, టైరు నడిమధ్యకి ఎదురుగా గట్టిగా అదమండి. ఇద్దరూ ఎక్కి, మీ అపార్ట్‌మెంట్ గేటు ముందు స్పీడ్ బ్రేకర్ మీద ఒకసారి మామూలుగా, ఒకసారి కొంచెం జోరుగా వెళ్ళి వచ్చి చూడండి. పిండి మీద టైరు అచ్చు పడితే మిగిలిన ముద్ద మందం మీ ఖాళీ. ముద్ద పూర్తిగా చదునైపోతే ఆ షాక్స్ ఆ బండివి కావు. షాక్ రాడ్ స్ప్రింగ్ చుట్ల మధ్య నుంచి అందితే దానికి సన్నటి జిప్ టై కట్టి, కింది నుంచి ఎంత పైకి తోసుకుపోయిందో చూస్తే ఎంత ప్రయాణం వాడుకుందో తెలుస్తుంది.

చైన్ బిగుతు మళ్ళీ చూడాలి. వెనక లేస్తే చైన్ వదులు మారుతుంది. యాక్సిల్, స్వింగార్మ్ ఇరుసు, ముందు స్ప్రాకెట్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు అది అత్యంత బిగుతుగా ఉంటుంది. మీరు కూర్చుంటే ఆ గీతకి దగ్గరవుతుంది కాబట్టి, ఇద్దరూ కూర్చున్నప్పుడు కూడా వదులు ఉందో లేదో ఇంకొకరి చేత చూపించుకోండి. హెడ్‌లైట్ కాంతి కూడా కాస్త కిందికి దిగి ఉంటుంది, దాని బోల్టు వదులు చేసి సరిచేసుకోండి. స్వింగార్మ్ చివర పట్టుకుని పక్కకి ఊపితే కదలిక తెలిస్తే, ఇన్నాళ్ళూ మీరు షాక్స్ మీద వేసిన నెపంలో సగం స్వింగార్మ్ బుష్‌లదే. 100 కిలోమీటర్లకి సిల్వర్ గీతలు చూసి, నట్లు మళ్ళీ టార్క్ చేయండి.

పాత షాక్స్ పారేయకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి మార్పుల మీద పట్టింపుతో ఉంటుంది, బండి అమ్మేటప్పుడూ ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చినప్పుడూ అసలువి అడిగే అవకాశం ఉంది. కారుతున్న కుడిదాన్ని తుడిచి, ఎడమదానితో కలిపి పేపర్లో చుట్టి, ఏ మెట్టు మీద ఉండేవో రాసి, నిలబెట్టి పెట్టండి. పాత వాషర్లు, నట్లు కూడా అందులోనే.